పైడినాయుడు చెయ్యి ఆగిన చోట

నేర్పుపట్టీ కట్టుకోమన్నప్పుడు పైడినాయుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"దురదెడతాదేటమ్మా?"

వకుళ నవ్వేసి, పెట్టదని చెప్పింది. నుదుటి చుట్టూ ఒకటి, కుడి ముంజేతికి ఒకటి, రెండు పలచటి పట్టీలు తనే కట్టింది. ఆయన తల ఊపి, రోజూ వెళ్ళినట్టే మూడో బ్లాకులోకి వెళ్ళి, రోజూ నిలబడే చోటే రియాక్టరు పక్కన నిలబడ్డాడు. రేవుపాలెం మందుల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళుగా ఆయన చోటు అదే. రెండు నిలువుల ఎత్తున్న ఉక్కు పాత్రలో పెద్ద గరిటె తిప్పుతుంటే ముడిమందు సుడి తిరుగుతూ ఉంటుంది. పై ట్యాంకులోంచి ఇంకో ద్రావకం అందులోకి సన్నటి ధారగా దిగుతుంది. రెండూ కలిస్తే వేడి పుడుతుంది. పాత్ర చుట్టూ తిరిగే చల్లనీళ్ళు ఆ వేడిని లాగేస్తుంటాయి. ధార ఎక్కువైతే నీళ్ళు దాన్ని అందుకోలేవు. ధారను వదిలే వాల్వు చక్రం మీద పైడినాయుడి చెయ్యి ఉంటుంది.

ఆ చేతికి తెలిసిందంతా పట్టీ రాసుకుంటుంది. తర్వాత ఇంకొకరు అవే పట్టీలు కట్టుకుని పని చేస్తే, రాసుకున్నదాన్ని వాళ్ళ నరాలకు తిరిగి అప్పజెబుతుంది. పదేళ్ళలో రావలసిన చేతినేర్పు పదిహేను రోజుల్లో వస్తుంది. వకుళ ఆరేళ్ళు కష్టపడి చేసింది దాన్ని. కంపెనీ ప్రయోగశాలలో ఆమెకంటూ ఒక గదీ, తలుపు మీద పేరూ వచ్చింది ఆ పట్టీ వల్లే.

నలభై రోజులు రాసుకున్నాక, కంప్యూటరు తెర మీద పైడినాయుడి పని పచ్చటి అలలా కనిపించింది. వకుళకు ముచ్చటేసింది. ఇంత నున్నటి అల ఆమె ఎక్కడా చూడలేదు. అయితే మధ్య మధ్య అల తెగిపోయి ఖాళీలున్నాయి. ఆరు గంటల బ్యాచులో నలభై ఒక్క ఖాళీ. ఆ సమయంలో ఆయన ఏ పనీ చేయలేదు. వాల్వు మీంచి చెయ్యి తీసేసి ఊరికే నిలబడ్డాడు. ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి ఐదు నిమిషాలు.

ప్లాంటు మేనేజరు రఘోత్తమ్ ఆ తెర వంక చూసి పెదవి విరిచాడు.

"వయసండీ వకుళ గారూ. యాభై ఎనిమిదేళ్ళు. ఆ ఏజ్‌లో అందరూ అంతే. మధ్యలో అలసిపోతారు, ఏదో ఆలోచిస్తారు, మళ్ళీ పనిలో పడతారు. మనకి నేర్పు కావాలి గానీ ముసలితనం ఎందుకు? కట్ చేసెయ్యండి."

వకుళకు అది సబబుగానే తోచింది. ఖాళీలను తీసేసి, రెండు పక్కల అలలను అతికించే ప్రోగ్రాము తనే రాసింది. బ్యాచు నాలుగు గంటల నలభై నిమిషాలకు దిగింది. అతుకు ఎక్కడుందో తనకే కనిపించనంత నున్నగా వచ్చిందని ఆ రోజు ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పుకుంది కూడా.

చేతినేర్పు ఇచ్చినవాళ్ళు స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకోవాలని ముందే ఒప్పందం. అలా ఎనిమిది మంది పాతవాళ్ళు ఒకే రోజున వెళ్ళిపోయారు. క్యాంటీనులో చిన్న సభ పెట్టి శాలువాలు కప్పారు. పైడినాయుడు శాలువా మడిచి చంకలో పెట్టుకుని వకుళ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా చెయ్యి మీకాడ ఒగ్గీసి ఎల్తన్నాను. కొత్తోళ్ళకి ఒక్కమాట సెప్పాలనుకున్నాను. ఎవులికి సెప్పాలో తెల్దు."

"చెప్పండి నాయుడు గారూ, నేను రాసుకుంటాను."

ఆయన నోరు తెరిచి, మళ్ళీ ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయాడు. "ఆఁ, ఏటుంది. జాగర్తగా ఉండమనండి," అని వెళ్ళిపోయాడు.

*

పైడినాయుడి స్థానంలోకి లంక ఝాన్సీ వచ్చింది. కెమికల్ డిప్లొమా చదివిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి. పట్టీ కట్టుకున్న మొదటివారంలోనే ఆమె చెయ్యి వాల్వు చక్రం మీద అనుభవజ్ఞుడి చెయ్యిలా తిరిగింది. నాలుగు నెలలు ఉత్పత్తి పెరిగింది. రఘోత్తమ్ మిగతా ప్లాంట్లకు కూడా పట్టీలు ఆర్డరు చేశాడు.

ఐదో నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడో బ్లాకులో సైరను మోగింది. పాత్రలో వేడి ఒక్కసారిగా ఎగదన్నింది. ఒత్తిడి పెరిగితే పగలడానికే పైన అమర్చిన పలచటి రేకు పగిలి, ఆవిరి గొట్టం గుండా బయటికి చిమ్మింది. ఆ రేకు వల్లే బ్లాకు నిలిచింది. మూత సందుల్లోంచి తన్నుకొచ్చిన ఆవిరికి ఝాన్సీ ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

విచారణలో యంత్రాల తప్పేమీ తేలలేదు. నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఉష్ణోగ్రత చూపే తెర చివరి నిమిషం వరకు అంతా సవ్యంగానే ఉందని చూపించింది.

వకుళ ఆసుపత్రికి వెళ్ళింది. ఝాన్సీ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది.

"మేడం, నాకెందుకో డౌటొచ్చిందండి. గరిటె తిరిగే చప్పుడు కొంచెం బరువుగా అనిపించింది. ఆపుదామనుకున్నాను. కానీ నా చెయ్యి ఆగలేదండి. అది ముందే తిప్పేసింది. నా చెయ్యే నా మాట వినలేదు మేడం."

వకుళ ప్రయోగశాలకు వచ్చి, కత్తిరించక ముందున్న అసలు రాతను తెరిచింది. ప్రమాదం జరిగిన ఘట్టం దగ్గరికి జరిపి చూసింది. సరిగ్గా అక్కడ మూడు నిమిషాల ఖాళీ ఉంది. రాసుకున్న ప్రతి బ్యాచులోనూ, కొంచెం ఎక్కువ తక్కువలతో, ఉంది. తను కత్తిరించిన వాటిలో అన్నిటికంటే పెద్దది అదే.

*

పైడినాయుడు ఇప్పుడు ఊరి చివర ఒక అపార్టుమెంటుకు కాపలాదారు. వకుళ వెళ్ళేసరికి నీళ్ళ మోటారు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "బేరింగు పోయేలాగుంది. సెప్తే ఇనరు," అన్నాడు పలకరింపుగా. ఆమె సంగతంతా చెప్పింది. తను ఏం కత్తిరించిందో కూడా దాచలేదు. ఆయన వింటూ వింటూ మోటారు గది మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ పిల్ల గుంట బాగుందా?"

"ప్రాణానికి ప్రమాదం లేదు. మచ్చ ఉండిపోతుంది."

"నన్ను ఓపాలి తీస్కెల్లమ్మా. మీరు ఆ పిల్లకిచ్చింది ఏటో నాను సూడాల."

ప్రయోగశాలలో శిక్షణ కోసం కట్టిన నమూనా రియాక్టరు ఉంది. అందులో మందుకు బదులు నీళ్ళు తిరుగుతాయి. మిగతాదంతా అచ్చం మూడో బ్లాకే. వకుళ ఆయనకు పట్టీలు కట్టి, ఖాళీలు కత్తిరించిన నేర్పును ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

పైడినాయుడి చెయ్యి చక్రం మీద పడింది. ఆయన మొహంలో మొదట ఆశ్చర్యం. పాత స్నేహితుడెవరో ఎదురుపడ్డట్టు చిన్నగా నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. చెయ్యి తిరుగుతోంది. భుజం వెనక్కి లాగుతున్నాడు, చెయ్యి ముందుకు పోతోంది. నుదుటి మీద చెమట పట్టింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని బలవంతాన చక్రం మీంచి ఊడబెరికి, పట్టీ తెంపేసినంత పని చేశాడు.

"ఇది నా సెయ్యే," అన్నాడు ఆయాసపడుతూ. "కానీ ఈ సేతికి బయం లేదమ్మా. ఈ సేతి ముందర మడిసెవుడూ పోలేదు."

వకుళకు అర్థం కాలేదు. ఆయన పట్టీలు విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

*

కత్తిరించిన నేర్పును ఎవరికీ ఇవ్వకూడదని వకుళ ఆ రోజే రఘోత్తమ్‌కు రాసి పంపింది. ఖాళీలతో సహా ఉన్నదున్నట్టు ఇస్తే ఏమవుతుందో చూడాలని అడిగింది. చెయ్యి నయమై తిరిగొచ్చిన ఝాన్సీ, నమూనా రియాక్టరు దగ్గర తనే ప్రయత్నిస్తానంది. పైడినాయుడిని కూడా రప్పించారు. ఆయన గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి గంట ఏ ఇబ్బందీ లేదు. ఝాన్సీ చెయ్యి అక్కడక్కడా ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆమె తల కొంచెం పక్కకు వంచి చప్పుడు వింటోంది. నీళ్ళ గొట్టాన్ని వేలి వెనకభాగంతో తాకి చూస్తోంది. ఆ ఖాళీల్లో పైడినాయుడు ఊరికే నిలబడలేదని, వింటున్నాడని, తాకుతున్నాడని వకుళకు అప్పుడు తెలిసింది. తెర మీది ఉష్ణోగ్రత ఒక నిమిషం వెనకబడి నడుస్తుంది. ఆయన వేలు వెనకబడదు.

పెద్ద ఖాళీ వచ్చింది. ఝాన్సీ చక్రం మీంచి చెయ్యి తీసేసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. వకుళ పరుగున వెళ్ళి పట్టీ విప్పేసింది.

"కాలిన చెయ్యి నొప్పా?"

"కాదు మేడం. ఎవరో పోయారు. ఎవరో తెలీట్లేదు. నా వల్లే పోయారనిపిస్తంది." ఆమె పైడినాయుడి వైపు తిరిగింది. "బాబాయ్, ఎవరాయన?"

పైడినాయుడు కుర్చీలోంచి లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా గదిలోంచి బయటికి నడిచాడు.

ఈ సంగతి విని రఘోత్తమ్ కాసేపు ఆలోచించాడు. "అయితే ఆగడం ఉంచి, ఆ ఏడుపు తీసేయండి. టెక్నికల్‌గా అంతే కదా."

వకుళ వారం రోజులు ఆ పని మీదే కూర్చుంది. ఆగడాన్నీ దుఃఖాన్నీ విడదీయడానికి ఎన్ని రకాలుగా ప్రయత్నించినా రెండూ ఒకే అలగా వస్తున్నాయి. ఒకటి తీస్తే రెండోదీ పోతోంది. అక్కడ మూడు నిమిషాలు ఆగేలా గడియారం పెట్టి చూసింది. పైడినాయుడి రాతల్లో ఆ ఆగడం ప్రతిరోజూ ఒకే చోట మొదలైనా, ముగిసేది మాత్రం చప్పుడు తేలికైనప్పుడే. ఒక రోజు రెండు నిమిషాలు, ఇంకో రోజు ఐదు. గడియారానికి ఆ సంగతి తెలియదు.

ఎనిమిదో రోజు ఉదయం పైడినాయుడు తనంతట తనే ప్రయోగశాలకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఝాన్సీని కూడా పిలవమన్నాడు.

"ఇరవై ఏడేళ్ళ కిందటి మాట," అన్నాడు. "సింహాద్రని నా జతగాడు. ఇద్దరం ఒకే ఏడు పన్లో సేరినాం. ఆ రోజు లారీ బయట నిలబడిపోయింది, సరుకు ఏగిరం దించాలని సిఫ్టు ఇంచార్జి ఒకటే గోల. సింహాద్రి నిచ్చెనెక్కి పైనున్నాడు. 'ఒరే పైడీ, సప్పుడు బరువుగుందిరా, ఆగు' అన్నాడు. నాకు ఇనపడింది. ఇనపడ్నాదమ్మా. అయినా నాను ఇంకో అరసుట్టు తిప్పీసినాను."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పాత్ర ఎగదన్నీసింది. ఆడు మరి కిందకి దిగలేదు. ఇచారణకొచ్చినోళ్ళు వాల్వు సింహాద్రే తిప్పీసి నిచ్చెనెక్కినాడని రాసుకున్నారు. ఆడి తొందరపాటే అన్నారు. నాను కాదనలేదు. నాకప్పుడు పెళ్ళై మూడు నెల్లు. బయమేసింది. తరవాత మరి నోరు పెగల్లేదు. అప్పుటికాడి నుంచి ఆ జాగాకొచ్చేసరికి నా సెయ్యి ఆగిపోతాది. నానాపింది కాదు. అదే ఆగిపోతాది."

ఝాన్సీ కాలిన చేతిని రెండో చేత్తో నిమురుకుంటోంది.

"ముందే చెప్పుంటే నేను ఏడ్చేదాన్ని కాదు బాబాయ్," అంది. "ఏడ్చినా, ఎందుకో తెలిసి ఏడ్చేదాన్ని."

"అదేనమ్మా నానంటంది. సెప్పకండా ఇస్తే అది బయం. సెప్పి ఇస్తే జాగర్త. కానీ మీకు సెప్పే ముందర పారమ్మకి సెప్పాల గదా. నిన్న ఎల్లినాను."

పారమ్మ సింహాద్రి భార్య. చేపలు ఎండబెట్టి అమ్ముతూ కొడుకుని పెంచింది. పైడినాయుడు చెప్పిందంతా ఆమె నిలబడే విందట. తిట్టలేదట, ఏడవలేదట. "ఇరవై ఏడేళ్ళు నా పెనిమిటిని తొందరగాడన్నారు ఊర్లో. నా కొడుకు ఏ పని సెయ్యబోయినా, మీ అయ్యలాగ తొందరపడకురా అన్నాను. నానే అన్నాను," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుందట. ఆయన గుమ్మం ముందే నిలబడ్డాడు. కొంతసేపటికి తలుపు తీసి ఒకే మాట అంది. "ఆ కాయితం మార్పించు. అప్పుటి దాకా నా గుమ్మంలోకి రాకు."

*

పైడినాయుడు అదంతా చెబుతుంటే వకుళ ఉత్తరంగా రాసింది. ఆయన కింద సంతకం చేశాడు. రఘోత్తమ్ ఆ ఉత్తరం చదివి, లేచి తలుపు మూశాడు.

"నాయుడు గారూ, ఇది బయటికెళ్తే కేసు మీ మీదికి తిరగొచ్చు. మీ పెన్షన్ కూడా ఆగొచ్చు. పాత కాగితాలు ఇప్పుడెందుకు కదపడం?"

"నా సెయ్యి మీకు కావాలి గదా బాబూ. సెయ్యిస్తే దీంతోనే ఇస్తాను. ఇది వొద్దంటే అదీ లేదు."

రఘోత్తమ్ వకుళ వైపు చూశాడు. ఆమె తన ఉత్తరం కూడా బల్ల మీద పెట్టింది. ఖాళీలను వయసుడిగిన బద్ధకం అనుకుని, ఏ విచారణా చేయకుండా కత్తిరించింది తనేనని, ఝాన్సీ చెయ్యి కాలడానికి కారణం అదేనని, అందులో ఉంది.

"మీ కెరీర్ ఏమవుతుందో ఆలోచించారా?" అన్నాడు రఘోత్తమ్. ఆ గొంతులో బెదిరింపు కంటే విచారమే ఎక్కువ వినిపించింది వకుళకు.

"ఆలోచించానండి. ఆ ఎనిమిది మందినీ పంపించే రోజు ఆలోచించాల్సింది."

అంత తేలిగ్గా ఏదీ జరగలేదు. ఏడు నెలలు పట్టింది. పైడినాయుడిని రెండుసార్లు విచారణకు పిలిచారు. పెన్షను మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ అపార్టుమెంటు కాపలా పనే గతి అయింది. వకుళ తలుపు మీది పేరు తీసేసి, ఆమెను శిక్షణ విభాగంలోకి మార్చారు. నేర్పుపట్టీ రెండో రకం ఇంకొకరి పేరుతో వస్తుందని తేలిపోయింది. కానీ చివరకు పాత విచారణ నివేదికకు ఒక కాగితం జత అయింది. సింహాద్రి ఆపమన్నాడని, ఆపమన్న తర్వాతే వాల్వు తిరిగిందని దాని మీద రాశారు. పైడినాయుడు ఆ నకలు తీసుకుని పారమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమెకు చదవడం రాదు గనక కొడుకు చదివి వినిపించాడు. కూర్చోమని ఆమె అనలేదు. చెంబుతో మంచినీళ్ళు మాత్రం ఇచ్చిందట. అంతకంటే తనకు అర్హత లేదన్నాడు ఆయన.

పట్టీలను మూలన పడేయలేదు. వాటికి కొత్త నియమం వచ్చింది. నేర్పు ఇచ్చిన మనిషి, పుచ్చుకునే మనిషి పక్కన ఆరు నెలలు నిలబడాలి. ప్రతి ఖాళీ ఎందుకొచ్చిందో నోటితో చెప్పాలి. వెళ్ళిపోయిన ఎనిమిది మందిలో ఐదుగురు తిరిగొచ్చారు. ఒకాయన మంచం పట్టాడు. ఒకాయన, "పంపించినప్పుడు ముసలాణ్ణి, పిలిచినప్పుడు గురువునా?" అని ఫోను పెట్టేశాడు. ఇంకొకరి జాడ తెలియలేదు. వాళ్ళ ముగ్గురి ఖాళీలూ ఎందుకొచ్చాయో చెప్పేవాళ్ళు లేరు. వకుళ వాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి అలాగే ఉంచింది.

*

ఝాన్సీ పట్టీ లేకుండా మొదటి బ్యాచు నడిపిన రోజు పైడినాయుడు ఆమె పక్కనే ఉన్నాడు. ఉదయం పది దాటింది. కాగితాలు పట్టుకుని వకుళ కొంచెం దూరంలో నిలబడింది.

పెద్ద ఖాళీ దగ్గర ఝాన్సీ ఆగింది. ఇద్దరూ గరిటె చప్పుడు వింటూ నిలబడ్డారు. చప్పుడు తేలికయ్యాక ఆమె మళ్ళీ చక్రం పట్టుకుంది. నలభై ఒకటీ అయిపోయాయి. ఇంక చివరి గంట. పైడినాయుడి లెక్కలో అక్కడ ఆగే పనే లేదు.

ఝాన్సీ చెయ్యి తీసేసింది.

పైడినాయుడు తెర చూశాడు. సవ్యంగా ఉంది. గొట్టం మీద వేలు వెనకభాగం పెట్టాడు. సవ్యంగా ఉంది. గరిటె చప్పుడు విన్నాడు. ఏ తేడా లేదు.

"ఏటమ్మా?"

"తెలీదు బాబాయ్. ఏదో వాసన."

ఆయన గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. ముప్ఫై రెండేళ్ళ ద్రావకాలు ఆయన ముక్కును ఎప్పుడో తినేశాయి. కానిమ్మని చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, రెండు అడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఝాన్సీ వాల్వు పూర్తిగా మూసి, ట్యాంకు దగ్గరున్న మనిషిని కేకేసింది. అతను టార్చి పట్టుకుని, ద్రావకాన్ని ట్యాంకులోకి ఎక్కించే పంపు కిందికి వంగాడు. సీలు చిట్లి, ఇట్టే అంటుకునే ద్రావకం బొట్టు బొట్టుగా కారుతోంది. రెండడుగుల దూరంలో మోటారు వేడిగా తిరుగుతోంది. మోటారు ఆపి సీలు మార్చేసరికి గంటన్నర పట్టింది.

బ్యాచు ముగిశాక ఝాన్సీ లాగ్‌బుక్కు తెరిచింది. ఎందుకు ఆపారు, ఎవరు ఆపారు అని వకుళ కొత్తగా గీయించిన రెండు గడులు అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ రెండో గడిలో ఆమె పైడినాయుడు పేరే రాస్తూ వచ్చింది. ఈసారి కూడా 'పై' అని మొదలుపెట్టింది.

పైడినాయుడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీ పేరు రాయమ్మా. ఇది నానిచ్చింది కాదు."